ఇండోనేషియాలోని ఒక చిన్న వరిసాగు గ్రామం: అక్కడ నీటి పంపకం ఎట్లా నిలబడింది?

ప్రశ్న – నర్సంపేట రైతు

సభ్యులందరికీ నమస్కారం. మాది నర్సంపేట వైపు, కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువు కింద బతికే ఊరు. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో జాతిలువిహ్ అనే చిన్న వ్యవసాయ గ్రామం ఉన్నదని, అక్కడి రైతులు వెయ్యేండ్లకు పైబడిన పద్ధతిలో కాలువ నీటిని పంచుకుంటున్నారని, 2012లో యునెస్కో ఆ పద్ధతిని ప్రపంచ వారసత్వంగా గుర్తించిందని చదివాను. ఫొటోలు ఎన్నైనా దొరుకుతున్నాయి గాని, ఆ ఊరు లోపల ఎట్లా నడుస్తుందో చెప్పే సమాచారం తెలుగులో నాకు కనిపించలేదు.

నేను ముఖ్యంగా తెలుసుకోగోరేది ఒక్క విషయం. మా దగ్గర తూముకు దగ్గరగా మడులున్నవారు ముందుగా నాట్లు వేసుకుంటారు. చివరి ఆయకట్టుకు నీళ్లు చేరేసరికి నారు ముదిరిపోతుంది. నీటి సంఘం పేరుకు మాత్రమే ఉన్నది. నీళ్లు తన గెట్టు పక్కనుంచే పోతున్నప్పుడు ఎగువ రైతు ఎందుకు ఆగాలి? అతనికి దిగువ రైతుతో పనేమున్నది? బాలిలో అతన్ని ఆపుతున్నది దేవుడి భయమా, చట్టమా, జరిమానానా? తెలిసినవారు ఆ ఊరి స్వరూపాన్ని కొంచెం వివరంగా చెప్పవలసిందిగా మనవి.

జవాబు – హన్మకొండ వాసి

నమస్కారం. రైతుల నీటి సంఘాల మీద చదువుకునే రోజుల్లో నేను జాతిలువిహ్ ఉన్న తబానన్ జిల్లాలో కొంతకాలం ఉన్నాను కాబట్టి, చూసినదీ చదివినదీ కలిపి రాస్తున్నాను.

జాతిలువిహ్ బాతుకారు అనే అగ్నిపర్వతం వాలు మీద, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. నేల అగ్నిపర్వతపు బూడిదతో ఏర్పడిన సారవంతమైన నేల, వానలకు కొదువ లేదు. ఊరి సుబక్ (అంటే రైతుల నీటి సంఘం) కింద ఉన్న వరిపొలం సుమారు 300 హెక్టార్లు. యునెస్కో గుర్తింపు ఈ ఒక్క ఊరికే వచ్చింది కాదు. బాతూర్ సరస్సు, దానికి పైన కొండ అంచున ఉన్న ఉలున్ దాను బాతూర్ ఆలయం, పకెరిసాన్ నది లోయ, 18వ శతాబ్దపు తమన్ అయున్ ఆలయం, బాతుకారు వాలు మీది సుబక్‌లు, అన్నీ కలిపి దాదాపు 19,500 హెక్టార్లకు ఆ గుర్తింపు ఇచ్చారు. ఈ పద్ధతి 9వ శతాబ్దం నాటికే ఉన్నదని యునెస్కో చెబుతున్నది. అంటే మన పాఖాల చెరువు, రామప్ప చెరువు కట్టడానికి మూడు నాలుగు వందల ఏండ్ల ముందటి మాట.

మనం ఊరు అనగానే గ్రామ పంచాయతీని తలచుకుంటాము. అక్కడ ఒకే నేల మీద మూడు వ్యవస్థలు పక్కపక్కనే నడుస్తాయి. ప్రభుత్వ పనులు చూసే పరిపాలనా గ్రామం ఒకటి, దానికి పెర్బెకెల్ అనే పెద్ద ఉంటాడు. గుళ్లు, పండుగలు, చావుపుట్టుకల ఆచారాలు చూసే సంప్రదాయ గ్రామం వేరుగా ఉంటుంది, దాని కింద బంజార్ అనే వాడకట్టు సంఘాలు ఉంటాయి. ఈ రెండింటికీ సంబంధం లేకుండా నీళ్ల కోసం సుబక్ ఉంటుంది. సుబక్ హద్దులు ఊరి హద్దులను పట్టి ఉండవు, నీళ్లు ఎక్కడిదాకా పారితే అక్కడిదాకా ఉంటాయి. పక్క ఊరివాడికి ఈ కాలువ కింద మడి ఉంటే అతను ఈ సుబక్ సభ్యుడే. రెండు కాలువల కింద పొలం ఉన్నవాడు రెండు సుబక్‌లలోనూ సభ్యుడవుతాడు. ఊరి రాజకీయం నీళ్ల దగ్గరకు రాకుండా ఈ ఏర్పాటు చాలావరకు కాపాడుతుందని నా అభిప్రాయం. మన నీటి సంఘాల ఎన్నికల్లో పార్టీలు దిగడం చూసినవారికి దీని విలువ తెలుస్తుంది.

సుబక్ పెద్దను పెకాసే అంటారు. సభ్యులే ఆయనను ఎన్నుకుంటారు. అవిగ్-అవిగ్ అనే కట్టుబాట్ల పత్రం ఉంటుంది. కాలువ పూడిక తీసే రోజు రానివారికి, రాత్రిపూట గండి కొట్టి నీళ్లు మళ్లించుకున్నవారికి జరిమానా ఎంతో అందులో రాసి ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది నీళ్లను పాలు పంచే దిమ్మ. దాన్ని తెంబుకు అంటారు. కాలువకు అడ్డంగా, నీటిమట్టానికి సరిగ్గా సమంగా ఒక దుంగను దించుతారు. ఇప్పుడు చాలాచోట్ల సిమెంటుతోనే కడుతున్నారు. ఆ దుంగ పైభాగాన వేర్వేరు వెడల్పులతో గాళ్లు చెక్కుతారు. గాళ్ల అడుగు అంతా ఒకే మట్టంలో ఉంటుంది, వెడల్పు మాత్రం ఆ గాడి కింద పారే పొలం వాటాను బట్టి మారుతుంది. కాలువ నిండుగా వచ్చినా, ఎండకు సన్నగిల్లినా, ఎవరి పాలు వారికి అదే నిష్పత్తిలో పోతుంది. దానికి తలుపు లేదు, చక్రం లేదు, తాళంచెవి అసలే లేదు. దారిన పోయే ఏ రైతైనా వంగి జానతో కొలిచి, తన వాటా సరిగా ఉన్నదో లేదో చూసుకోవచ్చు. మన తూములకు నీరటి కావాలి, అతను నిజాయితీగా ఉండాలి. అక్కడ ఆ పనిలో సగం ఈ దుంగే చేస్తుంది.

పంట విషయానికొస్తే, జాతిలువిహ్‌లో పొడుగు కాడ ఉండే ఎర్రబియ్యపు రకాన్ని ఏటా ఒక్కసారి, జనవరి ప్రాంతంలో నాటి, జూన్ జూలై నెలల్లో కోస్తారు. ఆ తరువాత తక్కువ కాలపు కొత్త రకమో, వేరే పైరో వేస్తారు. ఎర్రవరిని కొడవలితో కాకుండా, అరచేతిలో ఇమిడే ఆని-ఆని అనే చిన్న కత్తితో ఒక్కొక్క వెన్నునే తుంచి, పిడికెడు పిడికెడు కట్టలు కట్టి గాదెలకు చేర్చే అలవాటు ఉన్నది. కోతలయ్యాక మడుల్లోకి బాతులను తోలుతారు. రాలిన గింజలతో పాటు పురుగులనూ అవి ఏరి తింటాయి. ఒక్కో కుటుంబానికి ఉన్న భూమి తక్కువే. చాలామందికి అర హెక్టారు, అంటే ఎకరం పావుకు మించదు.

మీరు అడిగిన దేవుడి భయం కూడా ఉన్నది. మడి మూలన చిన్న గుడి మొదలుకొని సరస్సు ఆలయం దాకా నీటి గుళ్ల వరుస ఒకటి ఉంటుంది. ఎవరు ఎప్పుడు మడి తడపాలో, ఎప్పుడు ఎండబెట్టాలో ఆ గుళ్ల దగ్గర జరిగే సమావేశాల్లోనే తేల్చుకుంటారు. వరి దేవతను శ్రీదేవి పేరుతోనే కొలుస్తారు. అయినా, ఎగువ రైతును ఆపేది కేవలం భక్తి అని నేను అనుకోను. దీని మీద వ్యవసాయ శాఖలో పనిచేసినవారు నాకంటే బాగా చెప్పగలరు.

జవాబు – విశ్రాంత వ్యవసాయ అధికారి, పరకాల

అసలు విషయం దగ్గర హన్మకొండ మిత్రుడు నాకు అవకాశం ఇచ్చారు. ఎగువ రైతును ఆపేది సుడిదోమ.

ఇది అతిశయోక్తిగా తోచవచ్చు. సుడిదోమకు వరి తప్ప వేరే తిండి లేదు. మొదళ్ల దగ్గర చేరి రసం పీల్చి, పొలాన్ని సుడులు సుడులుగా ఎండగొడుతుంది. ఒక మడి కోతకు వచ్చి పక్క మడి పొట్ట దశలో, ఆ పక్కది పిలక దశలో ఉంటే దానికి ఏడాదంతా విందే. అట్లా కాకుండా వందల ఎకరాలు ఒకేసారి కోసి, కొన్ని వారాలు వరి మొక్క కనబడకుండా ఎండబెట్టినా, నీళ్లు పెట్టి వదిలేసినా, దోమ తిండిలేక పోతుంది. ఈ విరామం ఎంత ఎక్కువ విస్తీర్ణంలో పడితే అంత మేలు. నాలుగు మడులు పడావు పెడితే ప్రయోజనం ఉండదు, దోమ గాలివాటున పక్క పొలానికి పోయి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఎగువ రైతు లెక్క చూడండి. నీళ్లు అతని చేతిలోనే ఉన్నాయి, నీళ్ల కోసం అతను ఎవరినీ అడగనక్కరలేదు. కాని అతను ఇష్టం వచ్చినప్పుడు నీళ్లు వాడుకుంటే దిగువవాళ్లు ఆలస్యంగా నాటుతారు, వాళ్ల చేలల్లో పెరిగిన దోమ ఎగువకు వస్తుంది. దిగువ రైతుకు కావలసింది నీళ్లు, ఎగువ రైతుకు కావలసింది పురుగు లేని చేను. ఒకరికి కావలసినది ఇంకొకరి చేతిలో ఉన్నది గనుకనే ఇద్దరూ ఒకే తేదీకి కట్టుబడుతున్నారు. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త దీన్ని లోతుగా పరిశీలించారు. ఆయన, జేమ్స్ క్రీమర్ కలిసి రెండు నదుల కింది 172 సుబక్‌లను కంప్యూటర్‌లో నమూనాగా కట్టి చూస్తే, ఎవరికి వారు నాటుకున్నప్పుడు పురుగు నష్టం పెరిగింది. అందరూ ఒకేసారి నాటినప్పుడు నీళ్లు చాలలేదు. గుళ్ల వరుస ప్రకారం గుంపులు గుంపులుగా నాటడానికి దగ్గరగా వచ్చినప్పుడే దిగుబడి బాగా వచ్చింది. ఆ ఫలితాలు 1993లో అచ్చయ్యాయి.

దీనికి వ్యతిరేక దిశలో జరిగిన ప్రయోగం కూడా బాలిలో ఉన్నది. 1970లలో హరిత విప్లవం వచ్చినప్పుడు ప్రభుత్వం గుళ్ల తేదీలను పక్కన పెట్టి, తక్కువ కాలపు కొత్త రకాలను ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు నాటమన్నది. కొన్నేండ్లలోనే దోమ విరుచుకుపడింది. 1979లో ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో మొదలైన నీటిపారుదల పథకం కింద కాలువలకు ఇనుప తలుపులు బిగించారు, రైతులు వాటిని చాలాచోట్ల వాడలేదు. పైన చెప్పిన తెంబుకు ఉండగా తలుపు దేనికని వాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

దేశమంతటా చూస్తే, 1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. రెండేండ్లు తిరగకముందే దోమ మళ్లీ లేచింది. కారణం మందులే. సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపే మందులు కొడితే దోమకు శత్రువు లేకుండా పోయింది. 1986లో అధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వుతో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించారు. 1989లో రైతులే పొలంలో కూర్చుని పురుగులను లెక్కపెట్టి నేర్చుకునే శిక్షణ అక్కడ మొదలైంది. మన వ్యవసాయ శాఖ నడిపిన పొలంబడి ఆ చెట్టు కొమ్మే. నేను పరకాల, శాయంపేట పొలాల్లో రైతులతో కూర్చుని మిత్ర పురుగులను లెక్కపెట్టించిన పని, జావా రైతుల దగ్గర పుట్టిందని గర్వంగా చెబుతాను.

మన వరంగల్ ప్రాంతానికి ఇంకొక మాట. ఆలస్యంగా నాటిన వానాకాలం వరికి ఉల్లికోడు ఎక్కువగా తగులుతుందని ఇక్కడి రైతులకు అనుభవమే. ఉల్లికోడును తట్టుకునే రకాల కోసం వరంగల్ పరిశోధనా స్థానం దశాబ్దాలుగా పనిచేస్తున్నది. అంటే నాట్ల తేదీకి, పురుగుకు ఉన్న సంబంధం మనకు కొత్త కాదు. దాన్ని నీళ్ల పంపకంతో ముడిపెట్టి మాట్లాడడం మాత్రం మన గ్రామసభల్లో నేను వినలేదు.

జవాబు – భూగోళ ఉపాధ్యాయురాలు, కరీంనగర్

సార్లిద్దరూ బాగా వివరించారు. చిన్న మనవి మాత్రం చేస్తాను. జాతిలువిహ్‌ను చూసి ఇండోనేషియా పల్లెలన్నీ అట్లాగే ఉంటాయని పిల్లలకు చెప్పకూడదు. బాలిలో హిందువులు ఎక్కువ, మిగిలిన దేశంలో అధికులు ముస్లింలు. జావా పడమటి కొనలో కనేకేస్ అనే చోట ఉండే బదుయ్ ప్రజలు నీటి మడులే కట్టరు. కొండవాలు మీద మెట్టవరి వేస్తారు, నాగలి పట్టరు, పండిన వరిని అమ్మరు. ఫ్లోరెస్ ద్వీపంలోని వాయె రెబోలో శంఖువు ఆకారపు పెద్ద ఇండ్లు ఏడే ఉన్నాయి, కాఫీ వాళ్లకు ముఖ్యమైన పంట. జనం కిక్కిరిసిన జావా నుంచి కుటుంబాలను తరలించి సుమత్రాలోని లాంపుంగ్‌లో 1905 నుంచి కట్టించిన కొత్త ఊళ్లు ఇంకొక రకం, వాటిలో నీటి కట్టుబాట్లు వారసత్వంగా వచ్చినవి కావు, కొత్తగా కట్టుకున్నవి.

జాతిలువిహ్‌కు ఉన్న కష్టం కూడా చెప్పుకోవాలి. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. మడులను చూడడానికి వచ్చేవారికి టికెట్టు ఉన్నది. దారి పక్కన హోటళ్లు, కాఫీ దుకాణాలు పెరుగుతున్నాయి. బాలి దక్షిణాన అయితే వరిమడులు ఇండ్ల స్థలాలుగా మారిపోతున్నాయి. కాలువ మధ్యలో ఒక్క మడి మీద కట్టడం లేస్తే దాని కింది మడులన్నిటికీ దారి మూసుకుపోతుంది. హన్మకొండ, కరీంనగర్ చుట్టుపక్కల చెరువు శిఖాల్లో ప్లాట్లు పడుతుంటే కళ్లారా చూస్తున్న మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు – నర్సంపేట రైతు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. పరకాల సార్ చెప్పిన మాట నా ప్రశ్నకు సూటిగా తగిలింది. ఒక సందేహం మిగిలింది. బాలిలో నీళ్లన్నీ కాలువవే. మా దగ్గర చివరి ఆయకట్టులో దాదాపు అందరికీ బోర్లున్నాయి, 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉన్నది. దిగువవాడికి ఎగువవాడి నీళ్లతో పని తగ్గిపోయినప్పుడు ఆ ఇచ్చిపుచ్చుకోవడం మా ఊళ్లో ఎట్లా కుదురుతుంది?

జవాబు – విశ్రాంత వ్యవసాయ అధికారి, పరకాల

మంచి సందేహం. బోరు వచ్చాక నీళ్ల లెక్క మారింది, దోమ లెక్క మారలేదు. బోరు నీళ్లతో పెరిగిన వరి, కాలువ నీళ్లతో పెరిగిన వరి దోమకు ఒక్కటే. నిజానికి బోరు ఉన్నవారు ఎవరికి తోచినప్పుడు వారు నాటడం వల్లనే మన దగ్గర ఏడాది పొడవునా ఏదో ఒక దశలో వరి కనబడుతున్నది. కనుక మీరు నీళ్ల గురించి మొదలుపెట్టకండి, అక్కడ పాత పంచాయితీలు లేస్తాయి. నారు పోసే వారం గురించి మొదలుపెట్టండి. కిందటి యాసంగిలో ఎవరు ఎన్నిసార్లు దోమమందు కొట్టారో, ఎకరానికి ఎంత ఖర్చయిందో సభలో చెప్పించండి. ఎగువవారి ఖర్చు కూడా అందులో బయటపడుతుంది.

ఊరంతటినీ ఒకేసారి ఒప్పించే ప్రయత్నం వద్దు. ఒక్క తూము కింది మడులవాళ్లు ఒకే కాలపరిమితి ఉన్న రకాన్ని, ఒకే పది రోజుల్లో నాటితే చాలు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం మరువకండి. జావా రైతులు కూడా కొన్ని వరుసలకొక ఖాళీ వరుస వదిలి నాటే పద్ధతి పాటిస్తారు. నీళ్లు తక్కువైన ఏడు మన పెద్దలు తైబందీ చేసి, ఎంత ఆయకట్టుకు నీళ్లివ్వాలో కట్ట మీద కూర్చుని తేల్చేవారు. ఆ కూర్చునే అలవాటు మీ ఊళ్లో ఇంకా గుర్తున్నవారు ఉంటే వారిని ముందు కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు – నర్సంపేట రైతు

అట్లాగే చేస్తాను సార్. మా చెరువు చిన్న తూము కింద ఉన్నవాళ్లలో ఎక్కువమంది మా వాడకట్టువారే, యాసంగి నార్లు పోయకముందే వాళ్లతో మాట్లాడతాను. హన్మకొండ అన్నగారు వీలున్నప్పుడు ఆ తెంబుకు గాళ్ల వెడల్పును పొలం వాటాకు ఎట్లా లెక్కకడతారో ఒక బొమ్మ గీసి ఇక్కడ పెట్టగలిగితే, మా పిల్లకాలువ చీలే చోట సిమెంటుతో ఒకటి కట్టి చూస్తాము.