అప్‌డేట్: థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ నుంచి ఫీఫీ దీవులకు ఒక్కరోజులో వెళ్లొచ్చాం

అక్టోబర్‌లో తొమ్మిది మందిమి, మా అత్తయ్యతో సహా, స్పీడ్‌బోటులో ఫీఫీకి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. అనుకున్నవన్నీ జరగలేదు.

బోటు వెనక వైపు కూర్చోమని, వాంతుల మాత్ర ఎక్కడానికి ముందే వేసుకోమని చెప్పినవాళ్లకు చాలా థాంక్స్. అత్తయ్య ఆ రెండూ పాటించారు, ఆవిడకేమీ కాలేదు. పిల్లలు మాత్రం ముందు సీట్లకు పరిగెత్తారు. సముద్రం మధ్యలో అల తగిలిన ప్రతిసారీ బోటు గాల్లోకి లేచి ధబ్బున పడేది. పది నిమిషాల్లో ఇద్దరికీ వాంతులు. నేనే గట్టిగా ఆపి ఉండాల్సింది.

ఫీఫీ దీవుల్లోని మాయా బే అనే చిన్న అఖాతం సంగతి ముందే తెలుసుకోవాల్సింది. 2018లో మూసేసి 2022 జనవరిలో తెరిచాక అక్కడ ఈతకు అనుమతి లేదు. బోటు దీవి వెనక ఆగుతుంది, అక్కణ్ణుంచి చెక్కబాట మీద నడిచి వెళ్లాలి. ఈత కోసమే వచ్చిన మా మరిది ముఖం వాడిపోయింది. కానీ ఒడ్డుకు దగ్గరగా, రెక్క చివర నల్లగా ఉన్న చిన్న సొరచేపలు కనిపించాయి. అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తూ నిలబడిపోయారు.

మధ్యాహ్నం వాన దంచేసింది, స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్లలోకి చూస్తూ ఈదడం) రద్దు. బుక్ చేసిన ఏజెంటు కొంత డబ్బు వెనక్కిస్తానన్నాడు, ఇంకా రాలేదు. వస్తే చెబుతాను.