మూకదాడిని ఫెడరల్ నేరం చేస్తే ఒరిగిందేమిటి?

కృష్ణాతీరం:
అమెరికాలో 2022 మార్చి 29న ఎమ్మెట్ టిల్ చట్టంపై సంతకం పడింది, జాతి ద్వేషంతో చేసే మూకదాడి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ చట్టం కింద) నేరమైంది. నా దృష్టిలో ఇది పేరుకే చట్టం. హత్య ప్రతి రాష్ట్రంలోనూ నేరమే. పైగా జాతి కారణంగా చంపినవాడికి 2009 నుంచీ ద్వేష నేరాల ఫెడరల్ చట్టమైన సెక్షన్ 249 కింద యావజ్జీవం వేయొచ్చు. అలాంటి దాడికి కుట్ర పన్నినవారి కోసం అందులో చేర్చిన కొత్త క్లాజులో గరిష్ఠ శిక్ష 30 ఏళ్లే. మరి కొత్తగా బిగించిందేమిటి?

నల్లకోటు:
1955లో మిసిసిపీలోనూ హత్య నేరమే కదండీ. ఈ చట్టానికి పేరిచ్చిన 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు టిల్‌ను చంపిన కేసులో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంటా ఏడు నిమిషాల్లో నిందితులను వదిలేసింది. కౌంటీ (జిల్లా) పోలీసు అధికారి అయిన షెరీఫూ, ప్రాసిక్యూటరూ, జ్యూరీ అందరూ అక్కడివాళ్లే అయితే రాష్ట్ర చట్టం ఏం చేయగలదు?
ఇక 30 ఏళ్ల సంగతి. మీరు చావునే లెక్కేస్తున్నారు. మనిషి తీవ్రంగా గాయపడి బతికితే 249లో మామూలుగా 10 ఏళ్లు దాటదు. కుట్ర రుజువైతే ఇప్పుడు 30. దెబ్బ వేయకుండా మనుషుల్ని పోగేసినవాడూ ఇందులోకి వస్తాడు.

ప్రవాసి:
ఆచరణలో చిక్కులున్నాయి. న్యాయశాఖ అధిపతి అయిన అటార్నీ జనరల్ గానీ, ఆయన నియమించినవారు గానీ రాతపూర్వకంగా ధ్రువీకరిస్తేనే 249 కేసు నడుస్తుంది. ఆపైన కుట్ర, ద్వేషం రెండూ రుజువు కావాలి. నిమిషాల్లో పోగైన గుంపులో ముందస్తు ఒప్పందం చూపడం కష్టం. ద్వేషానికి ఆధారం ఎక్కువగా ఫోన్లలో దొరుకుతుంది. జార్జియాలో నల్లజాతి యువకుడు అహ్మద్ ఆర్బెరీని ముగ్గురు వెంటాడి చంపిన కేసులో, 2022 ఫిబ్రవరి ఫెడరల్ విచారణలో వాళ్ల పాత మెసేజ్‌లు, పోస్టులే కీలకమయ్యాయి.
ఒక్కడే దాడి చేస్తే ఈ క్లాజు వర్తించదు. 2017లో కాన్సస్‌లోని ఓలేతేలో మన హైదరాబాదు ఇంజనీరును కాల్చి చంపినవాడికి 2018లో రాష్ట్ర కోర్టూ, ఫెడరల్ కోర్టూ యావజ్జీవం వేశాయి. అదంతా ఈ చట్టం రాకముందే.

కృష్ణాతీరం:
గాయాల వరకు మీ మాట సరే. షెరీఫ్ మాటేమిటి? మూకదాడులను ఆపడానికి తెచ్చిన 1918 నాటి డయ్యర్ బిల్లులో, కాపాడాల్సిన అధికారి చేతులు కట్టుకు కూర్చుంటే 5 ఏళ్ల దాకా జైలు. ఘటన జరిగిన కౌంటీ 10,000 డాలర్లు కట్టాలి, ఆ సొమ్ము బాధిత కుటుంబానికి. 1922లో ప్రతినిధుల సభ దాటిన ఆ బిల్లును సెనేట్‌లో దక్షిణాది డెమోక్రాట్లు ఫిలిబస్టర్‌తో (ఓటింగ్ జరగకుండా చర్చను సాగదీసి) ఆపేశారు. నూరేళ్ల తర్వాత వచ్చిన చట్టంలో ఆ రెండూ లేవు!

నల్లకోటు:
అధికారంతో పౌరుల హక్కులను హరించే అధికారుల మీద సెక్షన్ 242 ఉందండీ. కానీ హక్కును కావాలనే హరించాడని చూపాలి. ఊరకే నిలబడి చూసినవాడి మీద అది నిలబడటం చాలా కష్టం. కౌంటీ జరిమానా మళ్లీ పెట్టాలంటే నేనూ మీ పక్షమే. ఖజానా నుంచి డబ్బు పోతుందని తెలిస్తే, గుంపు పోగవుతున్నప్పుడే షెరీఫ్ మీద కౌంటీ పెద్దల ఒత్తిడి మొదలవుతుంది.