రాత్రిపూట తీపి యావకు ఇంట్లోనే చేసుకునే అరటిపండు ఐస్‌క్రీమ్

కొత్తగా వచ్చిన విద్యార్థి ప్రశ్న:

అందరికీ నమస్కారం. పైచదువుకని విదేశానికి వచ్చి రెండు నెలలైంది. రాత్రి పుస్తకం ముందు కూర్చున్న గంటకే తీపి మీదికి మనసు పోతోంది. చాక్లెట్ బిస్కెట్ల ప్యాకెట్టు తెరిస్తే అడుగు కనబడేదాకా చెయ్యి ఆగడం లేదు. నా వంట అంతంతమాత్రమే. ఓవెన్ లేదు, చిన్న మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయి. వీటితో చేసుకోగల తీపి ఏదైనా ఉంటే పెద్దలు చెప్పగలరు.

మొదటి జవాబు:

తీపి పూర్తిగా మానేయమని మాత్రం నేను చెప్పను. మానేస్తానని ఒట్టు పెట్టుకుని నాలుగో రోజున రెండు ప్యాకెట్లు కొనుక్కొచ్చిన మనిషిని నేను. యావ పుట్టాక వంట మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు ప్యాకెట్టు ఖాళీ అవుతుంది కనుక, సరుకు ముందుగానే ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉండాలి.

తొక్క మీద గోధుమరంగు మచ్చలు బాగా పడిన అరటిపండ్లను తీసుకోండి. కాయలోని పిండిపదార్థం పండే కొద్దీ చక్కెరగా మారుతుంది కాబట్టి, అటువంటి పండుకు విడిగా చక్కెర అక్కరలేదు. తొక్క ఒలిచి, అర అంగుళం మందాన చక్రాలుగా కోసి, ఒకదానికొకటి తగలకుండా పళ్ళెంలో పరిచి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. గట్టిపడ్డాక డబ్బాలోకి ఎత్తుకోవచ్చు. తొక్క తీయడానికి బద్ధకించి నేనొకసారి పండ్లను అలాగే పెట్టేశాను. మర్నాడు ఆ నల్లటి తొక్కను కత్తితో చెక్కలేక వేళ్ళు కొంకర్లు పోయాయి.

తినాలనిపించినప్పుడు ఒక పండు ముక్కలను అయిదు నిమిషాలు బయట ఉంచి, చక్కెర కలపని కోకో పొడి రెండు టీస్పూన్లు, చిటికెడు ఉప్పు చేర్చి మిక్సీలో వేయండి. ఆ ఉప్పు కోకో చేదును అణచి తీపిని పైకి తెస్తుంది. మొదట అంతా ఇసుకలా పొడిపొడిగా రాలుతుంది, తరువాత ముద్దలు కట్టి గిన్నె గోడలకు అంటుకుపోతుంది. సరిగ్గా ఇక్కడే కంగారుపడి పాలు పోసేసి, చాలామంది దాన్ని జావ చేసుకుంటారు. మీరు మాత్రం మిక్సీ ఆపి, గరిటెతో గోడలు గీకి మళ్ళీ తిప్పండి. నాలుగైదుసార్లు ఇలా చేసేసరికి, ముద్దలన్నీ ఉన్నట్టుండి కలిసిపోయి మీగడలా నునుపుగా మారతాయి. చిన్న మిక్సీ వేడెక్కుతుంది కనుక మధ్యమధ్య దానికి విశ్రాంతినివ్వండి.

రెండవ జవాబు:

పై పద్ధతిలో నేనూ చేస్తుంటాను. ఇందులో ‘ఆరోగ్యానికి మంచిదే కదా’ అని తేనె కలిపేవారున్నారు కనుక ఒక మాట చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తేనె, సిరప్‌లు, పండ్లరసాలలోని చక్కెర కూడా మనం విడిగా కలుపుకునే చక్కెర లెక్కలోకే వస్తుంది. ఆ మొత్తం, రోజూ తీసుకునే శక్తిలో 10 శాతానికి లోపల ఉండాలి, 5 శాతానికి లోపలైతే మరీ మంచిది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ఆ 5 శాతమంటే దాదాపు 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు.

మెత్తగా రుబ్బిన పండులోని చక్కెరను కూడా బ్రిటన్‌లో ఈ లెక్కలోనే వేస్తారు. మధ్యరకం అరటిపండులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి, ఒక పూటకు ఒక్క పండుతో సరిపెట్టుకోవడం మంచిది. మధుమేహం ఉన్నవారు వైద్యుని అడిగి తినాలి. ఇంకా తీపి చాలదనిపిస్తే గిన్నెలో రెండు నిమిషాలు కరగనివ్వండి. మరీ చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి సరిగా తెలియదు. మిగిలినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెడితే రాయిలా బిగుసుకుపోతుంది, కనుక తినగలిగినంతే తిప్పుకోండి.