అరటి గెల వేసింది... పువ్వు కోసెయ్యొచ్చా? కోస్తే కూర ఎలా?

ఉప్పల్ పెరడు:
అందరికీ నమస్కారం. మాది కరీంనగర్ వైపు, ఉంటున్నది ఉప్పల్‌లో. మా ఆఫీసులో పాలకొల్లు ఆయన పోయినేడాది ఊరెళ్ళొస్తూ ఒక కర్పూర అరటి పిలక గోనెసంచిలో చుట్టి తెచ్చిచ్చారు. ఇంటి వెనక బట్టలుతికే బండ పక్కన నాటాం. ఇప్పుడు గెల వేసింది. 8 అత్తాలు (కాయల వరసలు) విచ్చుకున్నాయి. కింద పువ్వు ఇంకా వేలాడుతూనే ఉంది, డొప్పలు రాలుతున్నాయి గానీ వాటి కింద కాయలేం కనబడట్లేదు.

ఎదురింటి పెద్దాయన పువ్వు కోస్తే కాయ ఊరదంటారు. పాలకొల్లు ఆయన మాత్రం కోసి కూర వండుకోమంటున్నారు. మా అమ్మేమో "పువ్వు కూరేంది, మనమెన్నడన్న తిన్నమా" అని నవ్వుతోంది. కోయొచ్చా? కోస్తే ఎప్పుడు, ఎక్కడికి? వండితే చేదొస్తుందని ఒకరిద్దరు భయపెట్టారు, నిజమేనా? ఇంకోటి, వాషింగ్ మెషీన్ నీళ్ళు ఆ పాదులోకే పోతున్నాయి, పర్వాలేదా?

రావులపాలెం రైతు:
కోసెయ్యండి. గెలలో పైన వచ్చే అత్తాలవి ఆడపూలు, అవే కాయలవుతాయి. ఆ తర్వాత విచ్చుకునేవన్నీ మగపూలు, వాటికి కాయ రాదు. మనం తినే అరటికి గింజ లేదు, కాయ కట్టడానికి పుప్పొడి అక్కర్లేదు. కాబట్టి మగపువ్వు ఉన్నా లేకపోయినా కాయకి లోటేం లేదు. పైగా ఉంచితే చెట్టు బలం కొంత దానికి పోతుంది. మా తోటల్లో ఆఖరి అత్తం విచ్చుకుని, కాయలు పైకి తిరగడం మొదలవగానే పువ్వు కోసేస్తాం. ఆఖరి అత్తం కింద జానెడు కాడ వదిలి కోయండి. మరీ దగ్గరికి కోస్తే కోతలో కుళ్ళు పుట్టి ఆఖరి అత్తానికి పాకే ప్రమాదం ఉంది.

గెల వైపు చెట్టు ఒరిగితే ఇప్పుడే వెదురు గెడ ఊతం పెట్టండి. గాలివానకి పడితే ఏడాది కష్టం పోతుంది. సబ్బు నీళ్ళు మళ్ళించండి, అరటి ఉప్పుకి అసలు ఓర్చుకోదు, ఆకు అంచులు మాడతాయి. బియ్యం కడిగిన నీళ్ళు ఎన్నైనా పొయ్యండి.

కొత్తపేట పిన్ని:
రైతుగారు చెట్టు సంగతి చెప్పేశారు కాబట్టి నేను వంటింటి సంగతి చెబుతాను బాబూ. కోసిన రోజే వండుకో. ముందు చేతులకీ కత్తిపీటకీ నూనె రాసుకో. మా అత్తగారు ఈ పనికి పాత చీర కట్టుకుని కూర్చునేవారు. అరటి కర అంటిందంటే ఆ బట్ట ఇక మసిగుడ్డే, ఏ సబ్బుకీ వదలదు.

పైన ముదురు ఎరుపు డొప్పలు పనికిరావు. ఒక్కో డొప్ప ఎత్తితే కింద రెండు వరసల్లో పూలుంటాయి, అవి కావాలి మనకి. ఒక పువ్వు తీసి వేళ్ళతో విప్పి చూడు. మధ్యలో అగ్గిపుల్లలా ఒక గట్టి కాడ, తలమీద చిన్న ముద్దతో నిలబడి ఉంటుంది. దాని మొదట్లో ఒక పక్కన పల్చటి తెల్ల రేకు ఉంటుంది. ఈ రెండూ తీసెయ్యాలి. ఎంతసేపు ఉడికించినా ఉడకవు, పంటికింద పీచులా తగులుతాయి. ఒక్కోటీ విప్పుతూ కూర్చుంటే తెల్లారుతుంది. గుప్పెడు పూలు కొసలన్నీ ఒకవైపుకి చేర్చి అరచేతికేసి రుద్దు, విచ్చుకుంటాయి. అప్పుడు కాడలు లాగడం సులువు. లోపలికి వెళ్ళేకొద్దీ పూలు లేతబడతాయి. డొప్ప తెల్లగా వచ్చి ఇక విడదీయడం కుదరనప్పుడు ఆపెయ్యి, ఆ మిగిలిన మొగ్గంతా అలాగే తరుక్కోవచ్చు. నన్నడిగితే కూరకి రుచంతా ఆ మొగ్గలోనే ఉంది.

తరిగింది తరిగినట్టు పసుపు వేసిన పల్చటి మజ్జిగలో వేస్తూ ఉండు, లేకపోతే చూస్తుండగానే నల్లబడుతుంది. నువ్వు భయపడే చేదు నిజానికి చేదు కాదు, వగరు. దానికి మందు ఉప్పు. మజ్జిగలోంచి తీసి ఉప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, గట్టిగా పిండితే వచ్చే నీళ్ళతోనే వగరు పోతుంది. రోలు లేకపోతే మిక్సీలో ఒక్క తిప్పు. రెండోది తిప్పావో, ముద్దైపోతుంది. తర్వాత ఉడికించి, వార్చి, మళ్ళీ ఒకసారి పిండు.

నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, దండిగా కరివేపాకు. తర్వాత అల్లం, పచ్చిమిర్చి. అందులో పువ్వు వేసి, చిక్కటి చింతపండు గుజ్జు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి చెమ్మ ఆరేదాకా మగ్గనివ్వు. ఇక ఆవ. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిర్చి, నానబెట్టిన బియ్యం చిటికెడు, నీళ్ళు చిలకరించి మెత్తగా నూరుకో. కూర దించి, వేడి తగ్గాకే కలుపు. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది, తిట్లు మాత్రం పాపం పువ్వు తింటుంది! కలిపాక ఒక పూట ఆగితే ఆవ ఊరి ఇంకా బావుంటుంది. వేడన్నంలో ఈ కూర, పక్కన ముద్దపప్పు ఉంటే మా ఇంట్లో ఇంకేం అడగరు.

మీ అమ్మగారికి మాత్రం మొదటిసారే ఆవకూర పెట్టకు. నానబెట్టిన శనగపప్పు బరకగా రుబ్బి, పిండిన పువ్వు, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి వడలు వేసి పెట్టు. పువ్వని చెప్పకపోతే ఎవరూ కనిపెట్టలేరు.

హ్యూస్టన్ తెలుగాయన:
పిన్నిగారూ, ఈ ఆవ మాట చదువుతుంటే నోరూరిపోయింది. ఇక్కడ వియత్నామీ కొట్లలో అరటి పువ్వు దొరుకుతుంది. వాళ్ళు ఎక్కువగా సన్నగా తరిగి నిమ్మరసం నీళ్ళలో వేసి పచ్చిదే సలాడ్ చేసుకుంటారు. నిమ్మరసం నీళ్ళయినా నల్లబడకుండా ఆపుతాయి, మజ్జిగ లేనప్పుడు నేనూ అదే చేస్తున్నాను. మా పెరట్లో అరటి ఉంది గానీ చలికాలం మంచు పడితే పైనంతా మాడిపోతుంది. దుంప మీద ఎండుటాకులు మందంగా కప్పితే వేసవికి మళ్ళీ లేస్తుంది. గెల వేసేలోపే మళ్ళీ చలి. అందుకే పువ్వు కొనుక్కోక తప్పట్లేదు.

ఉప్పల్ పెరడు:
అందరికీ థ్యాంక్స్. పువ్వు ఇవాళ పొద్దున కోశాం. అమ్మకి చదివి వినిపిస్తే వడలకి ఒప్పుకుంది, కాడలు తీసే పని మాత్రం నాకే అప్పజెప్పింది. సబ్బు నీళ్ళ పైపు పక్కకి తిప్పాను. ఇంకో రెండు సందేహాలు. చెట్టు మొదట్లో 5 పిలకలు లేచాయి, అన్నీ ఉంచాలా? గెల కోశాక తల్లి చెట్టుని ఏం చెయ్యాలి?

రావులపాలెం రైతు:
ఒక్కటి ఉంచండి, చాలు. కత్తిలా సన్నటి ఆకులతో, మొదలు లావుగా ఉన్నది ఎంచుకోండి. చిన్నగా ఉండగానే వెడల్పాటి ఆకులు వేసేవి నీటి పిలకలు, చూడ్డానికి ఏపుగా ఉంటాయి గానీ వాటికి మంచి గెల రాదు. మిగతావి నేలమట్టానికి కోసి, మధ్య మొవ్వు గునపంతో పొడిచెయ్యండి. ఊరికే కోస్తే మళ్ళీ మొలుస్తాయి. ఎవరికైనా ఇవ్వాలంటే దుంపతో సహా తవ్వి ఇవ్వండి.

గెల పువ్వు వేశాక 3 నుంచి 4 నెలలకి కోతకి వస్తుంది. కాయ అంచుల్లో కోణాలు పోయి గుండ్రంగా తిరిగితే కోసుకోవచ్చు. తల్లి చెట్టు మళ్ళీ గెల వెయ్యదు, నరికి ముక్కలు చేసి ఆ పాదులోనే వేస్తే కుళ్ళి పిలకకి ఎరువవుతుంది. కూరకాయ కూడా కావాలంటే పక్కన ఒక బొంత వేసుకోండి. కొవ్వూరు పరిశోధన స్థానం వాళ్ళు ఎంపిక చేసిన కొవ్వూరు బొంత అని ఒక రకం ఉంది. అమృతపాణి జోలికి మాత్రం వెళ్ళకండి, మట్టిలోంచి సోకి చెట్టుని ఎండబెట్టే పనామా తెగులు దాన్ని బతకనివ్వదు.

కొత్తపేట పిన్ని:
ముక్కలు చేసి పాదులో వేసే ముందు దూట తీసుకో బాబూ! మానుకి పట్టలన్నీ ఒలుచుకుంటూ పోతే నడిమధ్య తెల్లటి దూట వస్తుంది. చక్రాలు కోస్తుంటే పీచు సాగుతుంది, దాన్ని వేలికి చుట్టుకుంటూ తీసెయ్యి. సన్నగా తరిగి మజ్జిగలో వేసి, పెరుగు పచ్చడి చేసుకోవచ్చు, లేదా ఇదే ఆవపెట్టి కూర. గెల కోసిన రోజే తీయాలి, రెండు రోజులు ఆగావంటే పీచెక్కి నమలలేవు.