స్టేజ్ మీద అకౌస్టిక్ గిటార్‌కి మోడలర్ పెట్టడం తప్పా?

నల్లగొండ_ఆరుతీగలు:

మొన్న ఒక ప్రోగ్రాం అయ్యాక సామాన్లు సర్దుకుంటుంటే, నాతో వాయించిన ఒక అన్న నా మోడలర్ (గిటార్ సౌండుని డిజిటల్‌గా మార్చి రకరకాల ఆంప్‌ల, గిటార్ల టోన్లు ఇచ్చే బాక్సు) వైపు చూపించి "అకౌస్టిక్ గిటార్‌కి ఈ డబ్బా తగిలించాక ఇంక దాన్ని అకౌస్టిక్ అనడమెందుకు, కీబోర్డులో గిటార్ టోన్ పెట్టుకుంటే పోలా" అన్నాడు. ఆ మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. పన్నెండేళ్లుగా చర్చిలో, రిసెప్షన్లలో, అప్పుడప్పుడు ధూంధాం స్టేజీల మీద వాయిస్తున్నా. రెండేళ్లుగా మోడలర్ లేకుండా ఇల్లు కదలడం లేదు. కాబట్టి నా మాట రాస్తున్నా, ఒప్పుకోని వాళ్లు కారణంతో చెప్పండి.

ముందు ఒక సంగతి. సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీ) కింద ఉండే పీజో పికప్ వినేది చెక్కను కాదు. తీగ ఊగినప్పుడు సాడిల్ మీద పడే ఒత్తిడిని అది కరెంటుగా మారుస్తుంది, అంతే. ఒళ్లో పెట్టుకుని వాయిస్తే మన చెవికి వచ్చేది పైపలక ఊగడం, డొల్లలో గాలి కదలడం, వెనక పలక, అన్నీ కలిసిన సౌండు. పీజోకి అందులో చాలావరకు అందదు. అందుకే గట్టిగా స్ట్రమ్ చేస్తే రేకు డబ్బా మీద గోళ్లతో గీరినట్టు వస్తుంది. మంచి స్ప్రూస్ పలక ఉన్న గిటార్ అయినా, ప్లైవుడ్ గిటార్ అయినా, స్పీకర్‌లోంచి వచ్చేసరికి అన్నదమ్ముల్లా ఉంటాయి. "మోడలర్ పెడితే అసలు సౌండు పోతుంది" అనే వాళ్లకు నేను చెప్పేది ఇదే, ఆ అసలు సౌండు కేబుల్‌లోకి రాకముందే పోయింది.

ఇంకోటి, మోడలర్ అనగానే ఆంప్ అనుకుంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. నేను ఆంప్ వాడను. ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌లో ఉండే పన్నెండంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దబ్బున పడిపోతుంది, డిస్టార్షన్‌కి అదే అందం. అకౌస్టిక్ తీగల మెరుపు ఉండేది మాత్రం ఆ పైనే. మోడలర్‌లో ఆంప్, క్యాబ్ (అంటే ఆంప్‌ని, దాని స్పీకర్ డబ్బాని అనుకరించే) బ్లాకులు ఆన్‌లో పెట్టి అకౌస్టిక్ వాయిస్తే దుప్పటి కప్పినట్టుంటుంది, అది విని చాలామంది "మోడలర్ పనికిరాదు" అని తేల్చేస్తారు. ఆ రెండూ తీసేసి ఇంపల్స్ రెస్పాన్స్, మనం ఐఆర్ అంటాం, మైక్ ముందు గిటార్ ఎలా మోగుతుందో పట్టిపెట్టిన ఫైలు, అదొక్కటి పెట్టండి.

నా ఐఆర్ నేనే చేసుకున్నా. ఫ్యాన్ ఆపేసి, తలుపులేసి, ఒకే వాయింపుని పీజో నుంచి ఒక ట్రాకు, పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా అడుగు దూరంలో పెట్టిన కండెన్సర్ మైక్ నుంచి ఇంకో ట్రాకు రికార్డు చేశా. ఆ రెండింటికీ ఉన్న తేడాను సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి చిన్న ఫైలుగా ఇస్తుంది. 2048 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 43 మిల్లీసెకన్ల ముక్క. అందులో ఉన్నది వేరే ఎవరి గిటారో కాదు, నా గిటార్ డొల్లే. ఫిష్‌మన్ వాళ్ల ఆరా పెడళ్లు ఎప్పుడో ఈ దారిలోనే వచ్చాయి, కాకపోతే వాటిలో వాళ్లు ముందే రికార్డు చేసిన గిటార్లు ఉంటాయి.

క్రిస్మస్ రిహార్సల్‌లో ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశా. మొదటి పాటకు ఐఆర్ సున్నా, రెండో పాటకు 55 శాతం, మిగతాది పీజో. వాల్యూమ్ రెండింటికీ ఒకటే ఉండేలా ముందే సరిచూసుకున్నా, లేకపోతే పెద్దగా వినపడేదే బాగుందనిపిస్తుంది. మా క్వాయర్‌లో ఆల్టో పాడే ఒక పెద్దమ్మకి ఈ బాక్సుల గురించి అసలు తెలియదు. రెండో పాట అయ్యాక నా వైపు తిరిగి "ఇప్పుడు గిటార్ నా పక్కన కూర్చుని వాయించినట్టుంది బాబూ" అంది. నాకు అంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

పాలమూరు_కాపో:

అన్నా, నువ్వు చెప్పిన చర్చి వేరు, మేం వాయించే చోటు వేరు. మాది పాటల టీం. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో గ్రౌండ్లో స్టేజీ, రెండు డప్పులు, ఒక డోలక్, నలుగురు గొంతెత్తి పాడేవాళ్లు. డప్పు ఎగిరిందంటే నీ డొల్ల సౌండు, గాలి సౌండు ఎవరికి వినపడతాయి? అక్కడ నన్ను బతికించేది నువ్వు తిట్టే ఆ పీజో గీరుడే, డప్పులోంచి కోసుకుని బయటికొచ్చేది అదొక్కటే. ఒకసారి ఫ్రెండు దగ్గర మోడలర్ తీసుకుని ఐఆర్ పెట్టి వాయించా, గిటార్ ఉందో లేదో నాకే తెలియలేదు.

పైగా సగం దోషం చేతిలో ఉంటుంది. బ్రిడ్జి పక్కన మందం పిక్‌తో బాదితే ఏ బాక్సూ కాపాడదు. సన్న పిక్ తీసుకుని, చెయ్యి సౌండ్‌హోల్ మీదికి జరిపి, మిక్సర్‌లో 2 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త తగ్గించమని చెప్పు, సగం రోగం పోతుంది. ఒక మంచి యాక్టివ్ డీఐ బాక్సుతో (గిటార్ లైనుని మిక్సర్‌కి సరిపడేలా మార్చే, కరెంటుతో నడిచే చిన్న డబ్బా) అయిపోయే పనికి గిటార్ కంటే ఖరీదైన బాక్సు కొనమని కొత్త పిల్లలకు చెప్పడం నాకు నచ్చలేదు. డిజిటల్ అన్నాక లేటు కూడా ఉంటుంది, స్ట్రమ్మింగ్‌లో అది నా చేతికి తెలుస్తుంది.

మైక్‌సెట్_మిర్యాలగూడ:

నేను వాయించేవాణ్ని కాదు, మిక్సర్ దగ్గర నిలబడేవాణ్ని. మీ ఇద్దరి మాటా మా దగ్గరికి ఎలా వస్తుందో చెబుతా.

మోడలర్‌తో వచ్చే పిల్లలతో నాకు మొదటి ఇబ్బంది ప్రీసెట్లు, అంటే ముందే సెట్ చేసి దాచుకున్న సౌండ్లు. సౌండ్ చెక్‌లో ఒక ప్రీసెట్ వినిపిస్తారు, పాట మధ్యలో ఇంకోటి తొక్కుతారు, అది డబుల్ ఉంటుంది. నేను ఫేడర్ కిందికి లాగేలోపు హాలంతా మోగిపోతుంది. రెండోది రివర్బ్, అంటే పెద్ద గదిలో మోగినట్టు ప్రతిధ్వని కలిపే ఎఫెక్ట్. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకున్న రివర్బ్ అలాగే తెస్తారు. మన ఫంక్షన్ హాళ్లు చూశారుగా, కింద టైల్స్, పైన రేకులో స్లాబో, చప్పట్లు కొడితే వెనక గోడ నుంచి మళ్లీ వినపడతాయి. అందులో ఇంకో రివర్బ్ పోస్తే మాట కూడా అర్థం కాదు. నా దగ్గరికి వచ్చే గిటార్‌కి రివర్బ్ సున్నా ఉండాలి.

ఇక ఐఆర్. బాగుంటుంది, నేను కాదనను. కానీ అది మీ గిటార్ డొల్లను మళ్లీ ఒకసారి కలుపుతుంది. డ్రెడ్‌నాట్ సైజు గిటార్‌లో 100 హెర్ట్జ్ చుట్టూ గాలి మోగుతుంది, 200 దగ్గర పలక మోగుతుంది. పీజోకి తక్కువ అందిన ఆ మోతని మీరు ఐఆర్‌తో తెచ్చి మానిటర్‌లో వదులుతారు, ఆ మానిటర్ మళ్లీ అదే డొల్లను మోగిస్తుంది. బూమ్మని ఫీడ్‌బ్యాక్ లేచేది అక్కడే. సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత పెట్టుకుని వస్తే నాకు సగం పని తగ్గుతుంది, చాలామంది ఫోటోలో బాగుండదని తీసేస్తారు.

ఇంకొకటి, పోయిన సీజన్‌లో ఒక తమ్ముడు డీఐ నుంచి ఒక లైను, మోడలర్ నుంచి ఒక లైను ఇచ్చి రెండూ కలిపి తెరవమన్నాడు. తెరిచా, గిటార్ ఒక్కసారిగా పీలగా అయిపోయింది. మోడలర్ లైను 2 మిల్లీసెకన్లు వెనకగా వస్తే 250, 750, 1250 హెర్ట్జ్, ఇలా వరసగా సౌండులో గుంటలు పడతాయి. కలపాలనుకుంటే బాక్సు లోపలే కలుపుకుని ఒక్క లైను ఇవ్వండి.

నల్లగొండ_ఆరుతీగలు:

అన్నా, ఆ రబ్బరు మూత విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నేను ఫోటో కోసం కూడా తియ్యను. మానిటర్ దగ్గర నేను చేసేది ఒకటుంది. ఐఆర్ తర్వాత 100 హెర్ట్జ్ కింద లో కట్ (కింది మోతని తగ్గించే ఫిల్టర్) పెట్టి, ఆ రోజు స్టేజీ మీద ఏ నోటు దగ్గర మోగుతుందో వెతికి అక్కడ సన్నగా కోస్తా. లో ఈ తీగ 82 హెర్ట్జ్, దాని కింది బరువు కొంచెం పోతుంది, బేస్ గిటార్ పక్కన ఉన్నప్పుడు ఆ లోటు ఎవరికీ తెలియదు.

కాపో తమ్ముడూ, లేటు మాట ఒప్పుకోను. మోడలర్ తినేది రెండు మూడు మిల్లీసెకన్లు. సౌండు గాల్లో ఒక మీటరు నడవడానికే సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మానిటర్ నుంచి మూడడుగులు వెనక్కి జరిగితే అంత లేటు ఎలాగూ వస్తుంది, అప్పుడు నీ చెయ్యి ఆగుతుందా? నువ్వు బ్లూటూత్ స్పీకర్‌తో ప్రాక్టీసు చేసి ఉంటావు, అందులో లేటు నిజంగానే ఘోరంగా ఉంటుంది. దాన్ని దీనికి అంటగట్టకు.

డప్పు సంగతి మాత్రం నీదే కరెక్టు. ధూంధాం స్టేజీ మీద నేనూ ఐఆర్‌ని 20 శాతానికి దించేస్తా, ఒక్కోసారి పూర్తిగా తీసేస్తా. డప్పు ఆగి ఒక్క గొంతు, గిటార్ మిగిలే చరణం వస్తుంది చూడు, తల్లి మీద పాటలో అలాంటి చోట్లు ఉంటాయి, అప్పుడు ఫుట్‌స్విచ్‌తో 55కి తెస్తా. ఆ నాలుగు లైన్ల కోసమే నేను ఆ బాక్సు మోసుకుని తిరుగుతున్నా. వాల్యూమ్ రెండిట్లో సమానంగా ఉండేలా ఇంట్లోనే సరిచూసుకుని వస్తా, మిక్సర్ దగ్గర ఎవరినీ ఇబ్బంది పెట్టను.

మీరెవరూ అనని దెబ్బ ఒకటుంది, నాకు తగిలింది కాబట్టి చెబుతున్నా. ఎండాకాలంలో ఒక రిసెప్షన్, కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకునే మధ్యలో మోడలర్ ఆగిపోయింది. కరెంటు వచ్చాక అది మళ్లీ లేవడానికి తీసుకున్న ఆ కాసేపు, పాడే చెల్లె పల్లవి ఒంటరిగా లాగింది, నేను తీగల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డా. గిటార్ లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ మాత్రం హాయిగా పనిచేస్తూనే ఉంది, దాని లైను మిక్సర్‌కి ఇవ్వలేదు అంతే. అప్పట్నుంచి గిటార్‌ని ముందు యాక్టివ్ డీఐలోకి పెట్టి, దాని త్రూ (గిటార్ సిగ్నల్‌ని అలాగే బయటికిచ్చే సాకెట్) నుంచి మోడలర్‌కి తీసుకెళ్తున్నా. డీఐ లైను వేరే ఛానెల్‌లో మ్యూట్‌లో ఉంటుంది. డీఐకి ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్‌లోనే వచ్చే కరెంటు) మిక్సర్ నుంచే వస్తుంది కాబట్టి మిక్సర్ యూపీఎస్ మీద ఉందో లేదో ముందే అడుగుతా, లేకపోతే డీఐలోనూ బ్యాటరీ వేస్తా.

కొత్త పిల్లలకు మొదట మోడలర్ కొనమని నేనూ చెప్పను తమ్మీ. డీఐ ముందు, రబ్బరు మూత ముందు. కానీ చర్చిలో, చిన్న హాల్లో, ఒక్క గొంతుకి తోడుగా వాయించేవాడు ఐఆర్ ఒకసారైనా వినకుండా "అది అకౌస్టిక్ కాదు" అంటే మాత్రం నాకు బాధగా ఉంటుంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి హాలు ఖాళీ. మైక్‌సెట్ అన్న ఒప్పుకుంటే రెండు లైన్లూ తెస్తా, కాపో తమ్ముడు వెనక బెంచీలో మా వైపు వీపు పెట్టి కూర్చుని ఏది ఏదో చెప్పాలి.

మైక్‌సెట్_మిర్యాలగూడ:

వస్తా. ఏడు, ఎనిమిది ఛానెళ్లు మీకు వదిలిపెడతా. గిటార్‌కి కొత్త తీగలు మాత్రం వేసుకుని రావద్దు, మొదటి రెండు రోజులు పీజో మరీ గీరుతుంది, అప్పుడు పోటీ సమానంగా ఉండదు.