మెట్ల బావి మరమ్మతు: పంచాయతీ అంచనాలో సిమెంటు బదులు సున్నం రాయించేదెట్లా?

తెలంగాణలో ఒక చిన్న ఊరు. పాత రాతి మెట్ల బావి ఉంది, కానీ రక్షిత కట్టడాల జాబితాలో లేదు. రిజిస్టరైన యువజన సంఘం పూడికతీతకు శ్రమదానం చేస్తానంటోంది. గ్రామసభ తీర్మానం అయింది, పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోనూ ఎక్కింది. (ఎక్కకపోతే పంచాయతీ లెక్కల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో బిల్లు కదలదు, తెలిసిందే.)

చిక్కల్లా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి అంచనాతోనే. రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్చాలని రాశారు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. దాంతో రాతి అంచుల్లో ఉప్పు పేరుకుని రాయి పెచ్చులూడుతుంది. 1:3 పాళ్లలో సున్నం, ఇసుక కావాలంటే ధరల పట్టికలో రేటు లేదంటున్నారు. విడిగా రేట్ అనాలిసిస్ (సామాను, కూలీ లెక్కగట్టి రేటు తేల్చడం) చేయించి సాంకేతిక అనుమతి తెచ్చుకున్నవాళ్లున్నారా? ఎవరి సంతకంతో అయింది? నమూనా అంచనా ఉంటే పెట్టండి.

నీళ్లు ఒక్కసారే తోడేస్తే గోడల వెనక నానిన మట్టి రాళ్లను లోపలికి తోసేస్తుంది. అందుకే రోజుకు కొంచెం కొంచెంగా దించాలి. అంటే మోటారు అద్దె చాలా రోజులకు పడుతుంది. దాన్ని అంచనాలో ఏ పద్దు కింద చూపించారు?

ఇంకోటి, 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం టైడ్ గ్రాంటు తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుద్ధ్యాలకే. బావి పనిని వాననీటి సంరక్షణ కింద చూపితే ఆడిట్‌లో అభ్యంతరం వచ్చిందా? శ్రమదానం చేసిన పూడికను ఎం-బుక్‌లో (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం) ఎక్కించకుండా విడిగా ఎలా నమోదు చేశారు?