జాగింగ్‌తో గుండెకు ఆక్సిడేటివ్ స్ట్రెస్: విటమిన్ మాత్రలు వేసుకోవాలా, వద్దా?

పటమట అబ్బాయి:
మా నాన్నగారికి 58. పొద్దున్నే విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో నడుస్తారు, మధ్యలో కాస్త జాగింగ్. తోటి వాకర్ ఒకాయన "పరుగెత్తితే ఫ్రీ రాడికల్స్ (కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులు) పుట్టి గుండె కండరం పాడవుతుంది, విటమిన్ సి, ఇ మాత్రలు లేకుండా చేయకండి" అన్నారట. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. నిజమేనా?

బ్రాడీపేట రన్నర్:
ఆయన ఊరికే అనలేదండీ. ఫ్రీ రాడికల్స్ శరీరం అదుపు చేయలేనంత పెరగడమే ఆక్సిడేటివ్ స్ట్రెస్, విటమిన్ సి, ఇ వాటిని అణచివేస్తాయి. 1982లో డేవిస్ బృందం ఎలుకలను పూర్తిగా అలసిపోయేదాకా పరుగెత్తిస్తే కండరాల్లో, కాలేయంలో ఫ్రీ రాడికల్స్ రెండు మూడు రెట్లయ్యాయి. మారథాన్ తర్వాత చాలామందికి రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) కూడా పెరుగుతుంది. నేనైతే మాత్రలు వేసుకుంటాను. పోయేదేముంది?

మంగళగిరి మాస్టారు:
పోయేది ఉంది, అందుకే రాస్తున్నా. ఒక్కరోజు ఒళ్లు హూనం చేసుకోవడం వేరు, నెలల తరబడి క్రమంగా చేసే వ్యాయామం వేరు. వ్యాయామంలో కొద్దిగా పుట్టే ఫ్రీ రాడికల్సే కణానికి హెచ్చరిక. ఆ హెచ్చరికతోనే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో మాంగనీస్ ఎస్‌ఓడీ అనే రక్షక ఎంజైమ్ పెరుగుతుంది. 1999లో జపాన్ పరిశోధకులు ఎలుకలతో ట్రెడ్‌మిల్ చేయించాక గుండె రక్తనాళాన్ని కాసేపు మూసి చూశారు. వ్యాయామం చేసినవాటిలో గుండె కండరం తక్కువగా దెబ్బతింది. ఆ ఎంజైమ్ తయారు కాకుండా ఆపితే ఆ లాభం పోయింది.

2009లో రిస్టో బృందం యువకులకు 4 వారాలు వ్యాయామంతో పాటు రోజూ 1000 మి.గ్రా. విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చింది. మాత్రలు వేసుకోనివాళ్లకు ఇన్సులిన్ బాగా పనిచేసింది. వేసుకున్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు. హెచ్చరిక నోరు నొక్కేశాక శరీరం ఎందుకు సిద్ధపడుతుంది?

బ్రాడీపేట రన్నర్:
అది ఇన్సులిన్ సంగతి, గుండెది కాదు. ఎలుక గుండెను చూసి మనిషికి తీర్పు చెప్పేస్తే ఎలా మాస్టారూ?

మంగళగిరి మాస్టారు:
న్యాయమైన ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండెలోంచి ముక్క తీసి చూడలేం కదా. కానీ మాత్రల సంగతి మనుషుల్లోనే తేలింది. హోప్ అనే వైద్య ట్రయల్‌లో 55 దాటిన, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 9 వేల మందికి పైగా చూశారు. నాలుగున్నరేళ్లు విటమిన్ ఇ వాడినా గుండెపోట్లు తగ్గలేదు. 2005లో వచ్చిన కొనసాగింపు ఫలితాల్లోనైతే వాడినవాళ్లలో హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం) ఎక్కువ కనిపించింది.

పటమట బాబూ, నాన్నగారిని నడక మాననివ్వకు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగే వేగంతో చాలు. ఉసిరి, జామ తినడానికి అడ్డేమీ లేదు, నా అభ్యంతరం పెద్ద డోసు మాత్రల మీదే. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబడే మందు వాడుతుంటే విటమిన్ ఇ జోలికి అసలు పోవద్దు. మే నెల బెజవాడ ఎండలో ఆలస్యంగా బయల్దేరడం ఫ్రీ రాడికల్స్ కంటే నాకు ఎక్కువ భయం. ఛాతీలో బరువు, ఆయాసం అనిపిస్తే మాత్రం జాగింగ్ ఆపి డాక్టర్‌కు చూపించండి.

బ్రాడీపేట రన్నర్:
నాన్నగారి విషయంలో మీతో ఏకీభవిస్తా. కానీ ఏళ్ల తరబడి మారథాన్లు పరుగెత్తేవాళ్ల గుండెకు ఏమవుతుందన్నది వేరే లెక్క. ట్రోపోనిన్ కొద్ది రోజుల్లో తగ్గిపోయినంత మాత్రాన ఏమీ జరగలేదని నేను ఒప్పుకోను.